పండుగ దారిలో ఒక దినప్రయాణము

ధ్యానమునకు చదువవలసిన భాగములు: ఆదికాండము 45:16-28, లూకా 2:41-50, లూకా 10:25-37



డిసెంబరు నెల వచ్చినదనగానే మన సంఘములో ఒకరినొకరు అడుగుకొను మొదటి ప్రశ్న, "పండుగకు ఊరికి వెళ్లుచున్నారా?" అనునది. హైటెక్ సిటీ, మాధాపూరు, కొండాపూరు, గచ్చిబౌలి ప్రాంతములలో కాపురముండు మనలో, హైదరాబాదే మా సొంత ఊరు అని చెప్పగలవారు తక్కువ. 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభింపబడిననాడు దాని చుట్టును గుట్టలును బండరాళ్లునే యుండెను. ఆ రాళ్లనడుమ వెలసిన కార్యాలయములలో ఉద్యోగము కొరకు గుంటూరు నుండియు, ఒంగోలు నుండియు, రాజమండ్రి నుండియు, ఖమ్మము నుండియు మనము వచ్చితిమి. కాబట్టి క్రిస్మస్ దినములలో ఇక్కడి మన గుడిలో బల్లలు సగము ఖాళీగా నుండును. ఊళ్లలోని గుళ్లు నిండును. ముసలివారైన తలిదండ్రులు ఆ ఒక్క ఉదయము కొరకు సంవత్సరమంతయు కాచుకొని యుందురు. వారియొద్దకు వెళ్లుట మంచిది. తల్లిదండ్రులను సన్మానింపుమన్న ఆజ్ఞ సీనాయి కొండమీద ఇయ్యబడినది. అది ఉద్యోగస్థులకు సడలింపబడలేదు.

అయితే ఈ మాసము మనము ఆలోచింపవలసిన ప్రశ్న వేరు. పండుగకు చేరుటయే భక్తియా? లేక పండుగకు పోవు దారియు ఆ భక్తిలో చేరినదేనా? చేరవలసిన చోటు పరిశుద్ధమైనదైతే, ఆ చోటికి పోవు తొందరలో మనము చేసినవియు చేయక విడిచినవియు లెక్కకు రావా? ఈ ప్రశ్న పుస్తకములలోనుండి మాకు పుట్టలేదు. నిరుడు డిసెంబరు 24వ తేదీ రాత్రి దారిమీద పుట్టినది. మా తప్పు మేము దాచుకొనక చెప్పినచో, ఈ సంవత్సరము బయలుదేరు కుటుంబములకు కొంత మేలు కలుగునని దీనిని వ్రాయుచున్నాము.

మా ఊరు సత్తెనపల్లి దాటిన తరువాత ఒక చిన్న పల్లె. ఆ సీమ 2022 ఏప్రిల్ వరకు గుంటూరు జిల్లా; ఇప్పుడు పల్నాడు జిల్లా. గచ్చిబౌలి నుండి సుమారు 300 కిలోమీటర్లు. ఔటర్ రింగ్ రోడ్డుమీద పెద్ద అంబర్‌పేట వరకు పోయి, విజయవాడ రహదారి పట్టుకొని, చౌటుప్పల్, చిట్యాల దాటి, నార్కట్‌పల్లి యొద్ద కుడివైపునకు తిరిగి, నల్లగొండ, మిర్యాలగూడ, వాడపల్లి మీదుగా కృష్ణానది దాటి, దాచేపల్లి, పిడుగురాళ్ల మార్గమున పోవలెను. 1842లో హయ్యరు అయ్యగారు గుంటూరులో అడుగుపెట్టిన తరువాత ఆ పల్లెలలో లూథరన్ సంఘములు పుట్టినవి. మా తాతల కాలములో క్రిస్మస్ తెల్లవారుజామున లాంతర్లు పట్టుకొని, పొలము గట్లమీద నడచి, పిల్లలను భుజములమీద మోసికొని గుడికి వచ్చెడివారు. నేడును ఆ తెల్లవారుజాము ఆరాధన మానలేదు. నాలుగున్నరకు గంట కొట్టుదురు.

ఆ గంటకు ముందే చేరెదమని మా అమ్మగారికి మాట ఇచ్చితిమి. 24వ తేదీ మధ్యాహ్నము రెండు గంటలకే బయలుదేరవలెనని అనుకొంటిమి. అయితే ఆ దినమున సముద్రమునకు ఆవలనున్న ఒక కక్షిదారు కొరకు చేయుచున్న పని ఒకటి ముగియలేదు. వారికి పండుగ సెలవులు మొదలు కాకముందే దానిని అప్పగింపవలెను. వారు పండుగ చేసికొనుటకై మాకు పండుగ ఆలస్యమగుట ఈ సీమలో క్రొత్త సంగతి కాదు. మేము కాదనలేదు; ఇంకొక గంట, ఇంకొక గంట అనుకొంటిమి. తుదకు రాత్రి పదకొండు గంటలకు కారు కదిలెను. కారులో మేమును, మా ఇల్లాలును, తొమ్మిదేండ్ల మా చిన్నమ్మాయియు, మోకాళ్ల నొప్పులతో బాధపడు మా అత్తగారును ఉంటిమి.

ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కకముందే మాటలు మొదలైనవి. ఆలస్యమునకు ఎవరు కారకులు? నిరుటికి ముందటి సంవత్సరము ఎవరి పుట్టింట పండుగ చేసితిమి? మరదలి పెండ్లికి ఎంత ఇచ్చితిమి, చెల్లెలి పెండ్లికి ఎంత ఇచ్చితిమి? అమ్మగారికి కొన్న చీర ఎంత, అత్తగారికి కొన్న చీర ఎంత? వెనుక కూర్చున్న అత్తగారు కన్నులు మూసికొని నిద్రపోవుచున్నట్లు నటించిరి. ఆమె నిద్రపోవుట లేదని మాకు తెలియును. నార్కట్‌పల్లిలో కొంచెము ఆపుమని ఆమె అడిగినప్పుడు, ఇప్పుడు ఆపినచో ఆరాధన తప్పిపోవునని చెప్పితిమి. ఆమె మారు మాట పలుకలేదు. చిన్నమ్మాయి తెచ్చుకొన్న కాగితపు నక్షత్రము సామానుల క్రింద నలిగిపోయినది. దానికై ఏడ్చినందుకు మేము దానిని గద్దించితిమి. ఇదంతయు క్రీస్తు జన్మదినమును ఆచరించుటకు పోవుచు చేసిన పని.

ఆదికాండము 45వ అధ్యాయములో ఒక చిన్న మాట ఉన్నది. యోసేపు తన్ను తాను సహోదరులకు తెలియజేసి, వారిని ముద్దుపెట్టుకొని, బండ్లను, ధాన్యమును, వస్త్రములను, ఆహారమును ఇచ్చి తండ్రియొద్దకు పంపుచు, దారిలో మీలో మీరు జగడమాడవద్దని హెచ్చరించెను. అంత సంతోషవార్త తీసికొనిపోవువారికి ఆ హెచ్చరిక ఎందుకు? ఆహారము దొరకినది, తమ్ముడు బ్రదికియున్నాడు, క్షమాపణ దొరకినది. అయినను యోసేపు తన అన్నలను ఎరిగినవాడు. దారి దీర్ఘమైనది; చేయవలసిన పని లేదు; ఒకరి ముఖమొకరు చూచుచు కూర్చుండవలెను. అప్పుడు పాత లెక్కలు పైకి వచ్చును. గుంటలో వేయుమన్నది ఎవరు, అమ్ముమన్నది ఎవరు, రక్తములో అంగీని ముంచినది ఎవరు అని ఒకరిమీదనొకరు నేరము మోపుకొందురు. క్షమింపబడినవారు తమలో తాము క్షమించుకొనకపోవుటకు దారి మంచి తావు.

బండియైనను కారైనను అంతే. ఇంటిలో జగడమైతే ఒకరు వంటింటిలోనికి, ఒకరు వీధిలోనికి పోవచ్చును. కారులో పోవుటకు చోటు లేదు. పైగా దానిలోని జగడము ఎప్పుడును ఆ పూటదిగా నుండదు. సంవత్సరమంతయు తీరిక లేక దాచియుంచినది ఆ ఐదారు గంటలలో బయటపడును. తొందర దానికి ఎరువు వేయును.

ఇక అసలు సంగతి. మిర్యాలగూడ దాటిన కొంతసేపటికి, రాత్రి సుమారు రెండున్నరకు, పొగమంచు దిగినది. కృష్ణ దగ్గరపడుకొలది అది దట్టమైనది. దీపముల వెలుతురు పది బారల దూరమునకు మించి పోవుట లేదు. అట్టి చోట దారి అంచున ఒక మోటారుసైకిలు పక్కకు పడియుండెను. దాని వెనుక దీపము ఇంకను వెలుగుచుండెను. దానికి కొంచెము ఇవతల ఒక మనిషి పడియుండెను. మా చిన్నమ్మాయి ముందుగా చూచినది: "నాన్నా, ఎవరో పడిపోయారు." వెనుకనుండి అత్తగారు, "ఆపుదామా బాబూ?" అని అడిగిరి. మేము చెప్పిన మాట మాకు నేటికిని చెవులలో నున్నది: "ఆగితే ఆరాధన తప్పిపోతుందండీ."

ఆ మాట చెప్పునప్పటికే కారు ముందుకు పోయినది. రెండు మూడు కిలోమీటర్లు పోయిన తరువాత ఇల్లాలు ఏమియు అనక 108కి ఫోను చేసినది. ఆ చోటు గూర్చి తమకు అప్పటికే కబురు వచ్చినదనియు, వాహనము బయలుదేరినదనియు వారు చెప్పిరి. మాకు ఎంతో తేలికయైనది. కారులో జగడము కూడ ఆగిపోయినది. అయితే అది సమాధానమువలన కలిగిన మౌనము కాదు. నాలుగు గంటల నలువదియైదు నిమిషములకు ఊరు చేరితిమి. గుడిలో రెండవ పాట పాడుచుండిరి. మాకొరకు ముందు బల్ల ఖాళీగా నుంచిరి. పాస్టరు అయ్యగారు సత్రములో స్థలము లేకపోవుటనుగూర్చి ప్రసంగించిరి. మేము తల యెత్తలేకపోతిమి.

ఆ దినము మొదలు మేము మా పక్షమున చెప్పదగిన సాకులన్నిటిని ఒక్కొక్కటిగా తీసి పరీక్షించుకొంటిమి. వానిలో కొన్ని ఉత్త సాకులు. కొన్నింటిలో కొంత న్యాయము లేకపోలేదు. చదువరులు తామే తీర్పు తీర్చవచ్చును.

మొదటిది, పోలీసుల భయము. దారిలో పడినవానిని ముట్టుకొన్నచో సాక్ష్యమనియు కోర్టనియు తిప్పుదురని మన దేశములో చాలకాలము భయముండెను. అది నిరాధారమైన భయమును కాదు. అయితే 2016 మార్చిలో సుప్రీము కోర్టు, సహాయము చేసినవారిని పీడింపకూడదను నియమములను ఖాయపరచినది. 2019లో మోటారు వాహనముల చట్టమును సవరించి 134ఎ అను సెక్షనును చేర్చిరి. దాని ప్రకారము మంచి మనస్సుతో సహాయపడినవానిమీద దావా యుండదు. తన పేరు చెప్పుమని అతనిని బలవంతపెట్టరాదు. ఆ చట్టము అట్టివానికి పెట్టిన పేరేమో ఎరుగుదురా? మంచి సమరయుడు. ఈ దేశపు శాసనసభ మన ప్రభువు చెప్పిన ఉపమానములోని మనుష్యుని పేరు తన చట్టములో వ్రాసికొన్నది. ఆ ఉపమానమును ఆదివారపు బడిలో కంఠతా నేర్చిన మేము కారు ఆపలేదు.

రెండవది, పొగమంచులో ఆగుట అపాయము, కారులో పసిపిల్లయు ముసలావిడయు ఉన్నారు అనునది. ఇందులో న్యాయమున్నది. పొగమంచులో దారి నడుమ నిలిపిన కారును వెనుకనుండి లారీ గుద్దుట మనము వార్తలలో చదువుచునే యున్నాము. 2022వ సంవత్సరమొకదానిలోనే మన దేశపు రోడ్లమీద 1,68,491 మంది చనిపోయిరని ప్రభుత్వపు లెక్క. తన ఇంటివారి ప్రాణములను కాపాడుకొనుట పాపము కాదు. అయినను నిజము చెప్పవలెను. అక్కడికి నూరు బారల దూరములో ఒక టీ కొట్టు దీపము కనబడుచుండెను. దానిముందు లారీలు నిలిచియుండెను. కారును రోడ్డు దించి అక్కడ నిలిపి, నడచి వెనుకకు రావచ్చును. ఆ ఆలోచన మాకు తట్టకపోలేదు. ఎన్ని నిమిషములు పట్టునని లెక్కకట్టి మానుకొంటిమి.

మూడవది, మేము ఆగకున్నను అతనికి నష్టము కలుగలేదుగదా, అప్పటికే కబురు పోయినదిగదా అనునది. ఇది అన్నిటికంటె గట్టిది. లోకజ్ఞానము కూడ దీనినే చెప్పును. ఫలితము చెడలేదు కనుక తప్పు లేదనును. ఫోను చేయుట చిన్న పని యని మేమనము. 2005 ఆగస్టు 15న ఆ 108 వాహనములు మన రాష్ట్రములో మొదలైన తరువాత ఎందరో బ్రదికిరి. ఎవరో ఒకరు ఫోను చేసినందుననే బ్రదికిరి. కాని మేము ఆగక దాటిపోయినప్పుడు కబురు పోయినట్లు మాకు తెలియదు. ఇంకొకరి కనికరము మా కఠినత్వమును కప్పిపుచ్చినది, అంతే. ఉపమానములో సమరయుడు రానే వచ్చెను, గాయపడినవాడు బ్రదికెను. అందుచేత యాజకుడును లేవీయుడును నిర్దోషులని ప్రభువు చెప్పలేదు. ఆయన అడిగిన ప్రశ్న, పడినవానికి ఏమాయెనని కాదు. వానికి పొరుగువాడైనది ఎవరని.

నాలుగవది మా అమ్మగారికి ఇచ్చిన మాట. తల్లిని సన్మానింపవలెనను ఆజ్ఞ మా పక్షమున ఉన్నదని మేము తలంచితిమి. మార్కు సువార్త 7వ అధ్యాయములో పరిసయ్యులు దేవునికి అర్పించితిమను పేరుతో తలిదండ్రులకు ఇయ్యవలసినదానిని ఎగవేయుట చూచి ప్రభువు వారిని గద్దించెను. మేము దానిని తలక్రిందులు చేసితిమి. తల్లి పేరు చెప్పి పొరుగువానికి ఇయ్యవలసినదానిని ఎగవేసితిమి. ఒక ఆజ్ఞను అడ్డుపెట్టుకొని ఇంకొక ఆజ్ఞను తప్పించుకొను విద్య పరిసయ్యులతో అంతరింపలేదు.

ఆ దినము మధ్యాహ్నము భోజనములైన తరువాత ఈ సంగతి మా అమ్మగారికి చెప్పితిమి. ఆమె అరిసెల పళ్లెము పక్కన పెట్టి, కొంతసేపు ఊరకుండి, "ఆగాల్సిందిరా అబ్బాయి. నేనెక్కడికన్నా పోతానా? గుడి ఎక్కడికన్నా పోతుందా?" అన్నది. అంతకంటె ఏమియు అనలేదు. ఆమె మామీద మోపినదని మేము తలంచిన బరువు ఆమె మోపినది కాదు. దానిని మేమే కట్టుకొని, దానిమీద ఆమె పేరు వ్రాసితిమి.

ఇక్కడ ఒక పరిశోధనను జ్ఞాపకము చేసికొనుట మంచిది. అమెరికాలోని ప్రిన్స్‌టన్ వేదాంత కళాశాలలో జాన్ డార్లీ, డేనియల్ బాట్సన్ అను ఇద్దరు మానసిక శాస్త్రజ్ఞులు పాదిరి పనికి చదువుచున్న 40 మంది విద్యార్థులతో ఒక పరీక్ష జరిపి, దానిని 1973లో ప్రకటించిరి. ఒక్కొక్కరిని పిలిచి, పక్క భవనమునకు పోయి చిన్న ప్రసంగము చేయుమనిరి. కొందరికి ఇచ్చిన అంశము మంచి సమరయుని ఉపమానమే. దారిలో గుమ్మముయొద్ద ఒక మనిషి వంగిపోయి దగ్గుచు మూలుగుచు పడియుండునట్లు ఏర్పాటు చేసిరి. తీరికగా పోవుమని చెప్పబడినవారిలో 100కి 63 మంది ఏదో ఒక సహాయము చేసిరి. కొంచెము తొందర గలవారిలో 45 మంది. ఆలస్యమైనది, పరుగెత్తుమని చెప్పబడినవారిలో 10 మందియే. సమరయునిగూర్చి ప్రసంగింపబోవుచున్నారా, వేరొక విషయమునుగూర్చియా అనుదానివలన చెప్పుకోదగిన భేదము కనబడలేదు.

దీనినిబట్టి మనుష్యులకు మనస్సాక్షి లేదని తేల్చుట సరికాదు. ఆ విద్యార్థులలో చాలమంది చెడ్డవారు కారు. తొందర మనుష్యుని కన్నులను ఇరుకుచేయునని మాత్రము ఇది చూపుచున్నది. తొందరలో ఉన్నవానికి పడియున్నవాడు మనిషివలె గాక ఆటంకమువలె కనబడును. ఉపమానములోని యాజకుడును యెరూషలేము నుండి దిగి వచ్చుచుండెనని లూకా వ్రాసెను. అనగా అతడు దేవాలయమునకు పోవుట లేదు. దానిని విడిచి వచ్చుచున్నాడు. సేవకు ఆలస్యమగునను సాకు కూడ అతనికి లేకపోయెను. బహుశః ఇంటికి పోవుచుండెనేమో. ఇంటికి పోవు తొందర ఎంత బలమైనదో మాకు తెలియును.

అయితే తొందర మమ్మును అట్లు చేసినదని చెప్పి తప్పించుకొందమా? అట్లుకాదు. ఇక్కడనే నీతి ప్రశ్న వెనుకకు జరుగుచున్నది. పొగమంచులో ఆ నాలుగు క్షణములలో మేము స్వతంత్రులమై యుంటిమో లేదో వాదింపవచ్చును. కాని ఆ తొందరను తయారుచేసిన దినమంతయు మేము స్వతంత్రులమే. మధ్యాహ్నము రెండు గంటలకు లేవగలిగియు లేవలేదు. రాత్రి పదకొండింటికి బయలుదేరుచు, ఉదయమునకు రాలేము, మధ్యాహ్నమునకు వచ్చెదమని అమ్మగారికి ఒక్క మాట ఫోనులో చెప్పగలిగియు చెప్పలేదు. త్రాగి కారు నడిపినవాడు గుద్దినప్పుడు నాకు తెలివి లేదని చెప్పినయెడల, త్రాగినప్పుడు నీకు తెలివియున్నదిగదా అని న్యాయాధిపతి అడుగును. తొందరయు అట్టి మత్తే. దానిని తెలిసి త్రాగినవాడు దాని ఫలమునకు ఉత్తరవాది.

ఇందులో మన ఉద్యోగముల పాలు లేదని మేమనము. ఈ సీమలో పని గడియారము మన ఊరి సూర్యునిబట్టి తిరుగుట లేదు. కైసరు ఆజ్ఞ వచ్చినందున నిండు గర్భవతియైన మరియ నజరేతు నుండి బేత్లెహేమునకు నూరు కిలోమీటర్లకు పైగా ప్రయాణము చేయవలసివచ్చెను. దూరమున నున్నవారి లెక్కల కొరకు దగ్గరవారు అలసిపోవుట నాటినుండియు ఉన్నదే. మనలో కొందరు ఇతరుల సెలవులను మంజూరుచేయు స్థానములలో ఉన్నారు. తమ చేతిక్రింద పనిచేయువాడు ఏ గంటకు ఇల్లు కదలగలడో ఆలోచించుట వారికి దైవసేవలో ఒక భాగము. మన గేటువద్ద రాత్రంతయు కూర్చుండు కాపలాదారును, మన ఇంటికి భోజనము తెచ్చు యువకుడును పండుగకు ఏ ఊరు పోవలెనో మనము ఎన్నడైనను అడిగితిమా? ఆ రాత్రి దారిలో పడినవాడు అట్టివారిలో ఒకడై యుండవచ్చును.

ఇప్పుడు లూకా 2వ అధ్యాయము చివరి భాగమునకు వత్తము. అదియు పండుగ ప్రయాణమే; బంధువులందరు కలిసి చేసినదే. పస్కా ముగిసిన తరువాత యోసేపు మరియలు తిరిగి వచ్చుచుండిరి. పండ్రెండేండ్ల యేసు యెరూషలేములో నిలిచిపోయెను. ఆయన గుంపులో ఎక్కడనో యుండునని తలంచి వారు ఒక దినమంతయు నడచిరి. సాయంకాలము బంధువులలోను ఎరిగినవారిలోను వెదకిరి, ఆయన కనబడలేదు. తలిదండ్రులు చెడ్డవారు కారు; ఆయనను ప్రేమింపనివారు కారు. అందరు కలిసియున్నారు, పండుగ జరిగినది, కాబట్టి ఆయనయు ఉండియే యుండుననుకొనిరి. మేమును అట్లే తలంచితిమి. కారులో బైబిలు ఉన్నది, క్రిస్మస్ పాటలు మ్రోగుచున్నవి, పోవుచున్నది గుడికి. ఆయన మాతోనే యున్నాడని తలంచి ఒక దినప్రయాణము సాగిపోతిమి. ఆయన వెనుక నిలిచిపోయిన చోటు ఏదియో మాకు తెలియును. మత్తయి 25వ అధ్యాయము చదివినవారికి వేరుగా చెప్పనక్కరలేదు.

యోసేపు మరియలు చేసిన మంచి పని యొకటి కలదు. వారు వెనుకకు తిరిగిరి. ఆయనే వచ్చి కలిసికొనునని ముందుకు సాగలేదు. బంధువులు ఏమనుకొందురోయని ఆగలేదు. మారుమనస్సు అను మాటకు ఇంతకంటె తేటయైన చిత్రము మాకు కనబడలేదు. నడచిన దారినే మరల నడవవలెను.

26వ తేదీ సాయంకాలము తిరిగి వచ్చుచు ఆ టీ కొట్టువద్ద కారు ఆపితిమి. ఈసారి అత్తగారు అడుగనక్కరలేకపోయెను. కొట్టువాడు చెప్పెను: పడినవాడు ఒక కుర్రవాడు; కాలు విరిగినది; ప్రాణమునకు భయము లేదు. లారీ క్లీనరు ఒకడు ముందుగా చూచి, పరుగెత్తి, తాను కప్పుకొన్న దుప్పటి వానిమీద కప్పి, వాహనము వచ్చువరకు వాని తల తన ఒడిలో పెట్టుకొని కూర్చుండెనట. ఆ క్లీనరుది ఏ ఊరో, ఏ మతమో కొట్టువానికి తెలియదు. దుప్పటి కూడ వానితోనే ఆసుపత్రికి పోయినదట. చలిలో దుప్పటి లేకయే లారీ యెక్కి పోయెనట. మేము టీ త్రాగి, ఏమి చేయవలెనో తోచక, కొట్టువానియొద్ద ఒక క్రొత్త దుప్పటికి డబ్బు ఉంచి, అతడు ఎప్పుడైన వచ్చినచో ఇయ్యుమని చెప్పితిమి. అది ప్రాయశ్చిత్తము కాదని మాకు తెలియును. పాపము దుప్పటితో తీరదు. దానికి వేరొక వెల చెల్లింపబడినది. కాని క్షమింపబడినవాడు ఊరక కూర్చుండలేడు.

ఈ సంవత్సరము బయలుదేరువారికి కొన్ని మాటలు చెప్పి ముగించెదము. వీలైనచో ఒక దినము ముందుగా బయలుదేరుడి. వీలుకానిచో సిగ్గుపడక, పండుగనాటి సాయంకాలమునకు చేరెదమని ఇంటికి చెప్పుడి. గొల్లలు మొదట వచ్చిరి, జ్ఞానులు తరువాత వచ్చిరి. ఇరువురిని శిశువు అంగీకరించెను. రాత్రి పొగమంచులో కారు నడపకుడి. కారులో ఒక దుప్పటియు, గాయమునకు కట్టుగట్టు సామానును ఉంచుడి. 108ని, జాతీయ రహదారులమీద 1033ని పిల్లలకు కూడ నేర్పుడి. బయలుదేరునప్పుడు ప్రార్థనలో క్షేమముగా చేర్చుమని మాత్రమే అడుగక, దారిలో ఆగవలసిన చోట ఆగు మనస్సు ఇమ్మని కూడ అడుగుడి. జగడము పుట్టినచో యోసేపు మాటను ఎవరో ఒకరు జ్ఞాపకము చేయుడి. ఊళ్లలో ఎదురుచూచు పెద్దలారా, మీరును గంటగంటకు ఎక్కడ ఉన్నారని అడుగక, ఎప్పుడు వచ్చినను అన్నము ఉండునని ఒక్కసారి చెప్పుడి. ఆ మాట మీ బిడ్డల కాలిని వేగపు మీటమీదనుండి కొంచెము ఎత్తును.

మా చిన్నమ్మాయి ఈ డిసెంబరులో మరల కాగితపు నక్షత్రము చేయుచున్నది. ఈసారి ఎప్పుడు బయలుదేరెదము అని అది అడిగినది. 23వ తేదీ ఉదయము అని చెప్పితిమి. "అయితే ఎవరైనా పడిపోతే ఆగొచ్చు" అని అది అన్నది. ఆగవచ్చును. ఆగుటకు కావలసిన సమయమును ముందుగా ఎత్తిపెట్టుకొనుటయే ఈ సంవత్సరము ప్రభువునకు మేమర్పించు క్రిస్మస్ కానుక. దీనిని అంగీకరించుమని ఆయనను వేడుకొనుచున్నాము. ఆమేన్.